కన్సోల్.లాగ్ పెట్టగానే కోడ్ ఆగిపోతోందా? సెమీకోలన్ లేని చోట జావాస్క్రిప్ట్ ఏం చేస్తుందో చూడండి

మీరు అడిగినవి మూడు. బబుల్ సార్ట్ రాశారు, బాగానే నడిచింది. లోపల ఏం జరుగుతోందో చూద్దామని మధ్యలో ఒక కన్సోల్.లాగ్ పెట్టగానే "కెనాట్ సెట్ ప్రాపర్టీస్ ఆఫ్ అన్‌డిఫైన్డ్ (సెట్టింగ్ '10')" అని ఎర్రర్ వచ్చింది. ఆ లైన్ తీసేస్తే మళ్ళీ మామూలుగా నడుస్తోంది. ఎందుకు? రెండోది, మీ సీనియర్ "జావాస్క్రిప్ట్‌లో సెమీకోలన్ ఆప్షనల్" అన్నారు, అది నిజమేనా? మూడోది, ఫ్లవర్ బ్రాకెట్ మూశాక సెమీకోలన్ పెట్టాలా, వద్దా?

ముందు పని జరగాలి కాబట్టి, కన్సోల్.లాగ్ లైన్ చివర ఒక సెమీకోలన్ పెట్టండి. ఎర్రర్ పోతుంది. అయితే ఎందుకు పోయిందో తెలియకపోతే ఇదే సమస్య రేపు ఇంకో ఎర్రర్ మెసేజ్ వేసుకుని వస్తుంది, అప్పుడు గుర్తుపట్టలేరు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను. చదవడానికి వీలుగా కోడ్‌ని కూడా ఇక్కడ తెలుగు అక్షరాల్లోనే రాశాను. ఎడిటర్‌లో మీరు ఎప్పటిలాగే టైప్ చేసుకోండి.

మీ కోడ్‌లో అసలు భాగం ఇది. అర్రేలో ఉన్నవి 40, 10, 30.

```
ఇఫ్ (సంఖ్యలు[జె] > సంఖ్యలు[జె + 1]) {
  కన్సోల్.లాగ్(జె)
  [సంఖ్యలు[జె], సంఖ్యలు[జె + 1]] = [సంఖ్యలు[జె + 1], సంఖ్యలు[జె]]
}
```

మన కంటికి ఇవి రెండు లైన్లు, రెండు పనులు. జావాస్క్రిప్ట్ ఇంజిన్‌కి మాత్రం ఇది ఒకే స్టేట్‌మెంట్. అది చదివింది ఇలా:

```
కన్సోల్.లాగ్(జె)[సంఖ్యలు[జె], సంఖ్యలు[జె + 1]] = [సంఖ్యలు[జె + 1], సంఖ్యలు[జె]]
```

ఒక విలువ పక్కనే స్క్వేర్ బ్రాకెట్ వస్తే జావాస్క్రిప్ట్‌లో దానికి అర్థం "ఆ విలువలో ఫలానా ప్రాపర్టీ" అని. మధ్యలో ఎంటర్ కొట్టినా, పది ఖాళీ లైన్లు వదిలినా ఆ అర్థం మారదు. కన్సోల్.లాగ్ తన పని చేసి, అంటే స్క్రీన్ మీద 0 ప్రింట్ చేసి, అన్‌డిఫైన్డ్‌ని, అంటే 'విలువ ఏమీ లేదు' అనే గుర్తుని, తిరిగి ఇస్తుంది. ఆ అన్‌డిఫైన్డ్ పక్కన స్క్వేర్ బ్రాకెట్ ఉంది. బ్రాకెట్ లోపల కామాతో రెండు విలువలున్నాయి. అక్కడ కామా అనేది ఒక ఆపరేటర్: ఎడమవైపుది లెక్కగట్టి వదిలేస్తుంది, కుడివైపుది ఉంచుతుంది. ఎడమవైపు 40, కుడివైపు 10. కాబట్టి మీరు అడిగిందల్లా "అన్‌డిఫైన్డ్‌లో 10 అనే ప్రాపర్టీకి ఈ అర్రే పెట్టు" అని అయింది. అన్‌డిఫైన్డ్‌కి ప్రాపర్టీలు ఉండవు, అందుకే ఆగిపోయింది. "ఆ 10 ఎక్కడి నుంచి వచ్చిందో అర్థం కాలేదు" అని రాశారు కదా, అది మీ అర్రేలోని రెండో సంఖ్యే.

మరి కన్సోల్.లాగ్ లేనప్పుడు ఎలా నడిచింది? అప్పుడు స్వాప్ లైన్‌కి, అంటే రెండు సంఖ్యల్ని తారుమారు చేసే లైన్‌కి, పైన ఉన్నది ఫ్లవర్ బ్రాకెట్ తెరిచిన గుర్తు. దాని తర్వాత కొత్త స్టేట్‌మెంటే మొదలవ్వాలి కాబట్టి గొడవ లేదు. మీ స్వాప్ లైన్‌లో ఒక్క అక్షరం మారలేదు, మారింది దాని పైనున్న పొరుగు లైన్. సెమీకోలన్లు లేని కోడ్‌తో వచ్చే ముఖ్యమైన ఇబ్బంది ఇదే: ఒక లైన్‌కి అర్థం దాని పైన ఏ లైన్ ఉందో దాన్నిబట్టి మారిపోవచ్చు. డీబగ్ చేయడానికి ఒక లైన్ పెట్టినా, గిట్‌లో రెండు బ్రాంచ్‌లు కలిపినప్పుడు మధ్యలో ఒక లైన్ వచ్చి చేరినా, ఎవరూ ముట్టుకోని లైన్ పాడవుతుంది.

ఇక అసలు రూల్ ఏమిటి? ఇంజనీరింగ్ కాలేజీలో సీ, జావా ల్యాబ్‌లు చేసి వచ్చిన మనలో చాలామందికి అలవాటైన పద్ధతి వేరు. అక్కడ సెమీకోలన్ మర్చిపోతే కంపైలర్ అక్కడికక్కడే తిట్టి ఆపేస్తుంది. పైథాన్‌లో అయితే మామూలుగా లైన్ అయిపోతే స్టేట్‌మెంట్ అయిపోయినట్టే. జావాస్క్రిప్ట్ ఈ రెండిటి మధ్య ఉంది. వ్యాకరణం ప్రకారం సెమీకోలన్ కావాలి, కానీ లేకపోతే పార్సర్, అంటే ఇంజిన్‌లో కోడ్‌ని చదివి అర్థం చేసుకునే భాగం, కొన్ని చోట్ల తనే పెట్టుకుంటుంది. దీన్ని ఆటోమేటిక్ సెమీకోలన్ ఇన్సర్షన్ అంటారు, ముద్దుగా ఏఎస్ఐ.

చాలామంది "కొత్త లైన్ వస్తే సెమీకోలన్ పెడుతుంది" అనుకుంటారు. అది తప్పు, ఈ తికమక మొత్తానికి మూలం ఆ అపోహే. పార్సర్ ముందుకు చదువుకుంటూ పోతుంది. తర్వాతి టోకెన్ (ఒక మాట, సంఖ్య లేదా గుర్తు) ఇప్పటిదాకా చదివిన దానితో కలవగలిగితే కలిపేసుకుంటుంది, లైన్ మారిందా లేదా అని చూడదు. ఏ రకంగానూ కలవక ఇరుక్కుపోయినప్పుడే వెనక్కి చూస్తుంది. ఆ టోకెన్‌కి ముందు లైన్ మారి ఉంటే, లేదా ఆ టోకెన్ మూసే ఫ్లవర్ బ్రాకెట్ అయితే, అక్కడ సెమీకోలన్ ఉన్నట్టు భావించి ముందుకెళ్తుంది. ఫైల్ చివరికి వచ్చి వాక్యం పూర్తి కాకపోయినా అదే చేస్తుంది.

```
లెట్ ఎ = 1
లెట్ బి = 2
```

ఇక్కడ 1 పక్కన లెట్ రావడానికి వ్యాకరణం ఒప్పుకోదు. పార్సర్ ఇరుక్కుంది, లైన్ మారింది, సెమీకోలన్ పడింది. రెండో లైన్ స్క్వేర్ బ్రాకెట్‌తో మొదలైతే? 1 పక్కన స్క్వేర్ బ్రాకెట్ రావడానికి వ్యాకరణానికి ఏ అభ్యంతరమూ లేదు. ఇరుక్కోలేదు కాబట్టి సెమీకోలన్ పడదు.

ఇలా ఎందుకు పెట్టారని కోపం రావచ్చు. కొత్త లైన్ వచ్చిన ప్రతిచోటా స్టేట్‌మెంట్ ముగిసిపోతే, మనం రోజూ రాసే ఇలాంటివి రాయలేం:

```
కాన్స్ట్ పేర్లు = యూజర్లు
  .ఫిల్టర్(యు => యు.యాక్టివ్)
  .మ్యాప్(యు => యు.పేరు)
```

చుక్కతో మొదలైన లైన్ పైదానితో కలవాలి, కలుస్తుంది. అదే సౌకర్యం మీ స్వాప్ లైన్ దగ్గర శత్రువైంది. బ్రెండన్ ఐక్ 1995 మేలో నెట్‌స్కేప్‌లో పది రోజుల్లో ఈ భాష మొదటి రూపం తయారు చేశారు. 1997లో వచ్చిన మొదటి ఎక్మాస్క్రిప్ట్ (జావాస్క్రిప్ట్ అధికారిక) ప్రమాణంలోనే ఏఎస్ఐ ఉంది. అప్పటి నుంచి కోట్ల పేజీలు దాని మీద ఆధారపడి నడుస్తున్నాయి, ఇప్పుడు తీసేయడం కుదరదు. ఐక్ స్వయంగా 2012లో తన బ్లాగులో, ఏఎస్ఐ అంటే సింటాక్స్ తప్పుల్ని సరిదిద్దే పద్ధతే తప్ప, కొత్త లైన్‌కి అర్థం ఇచ్చే ఏర్పాటు కాదని వివరించారు. ఆ పది రోజుల్లో కొత్త లైన్‌కి ఇంకొంచెం విలువ ఇచ్చి ఉంటే బాగుండేదని కూడా రాశారు.

ఇప్పుడు మీ స్వాప్ లైన్‌నే తీసుకుని, పైన ఏముంటే ఏ ఎర్రర్ వస్తుందో చూద్దాం. నా దృష్టిలో నేర్చుకోవాల్సింది ఇక్కడే ఎక్కువ ఉంది.

కన్సోల్.లాగ్ బదులు మీరు ఇలా రాశారనుకోండి:

```
లెట్ తర్వాత = జె + 1
[సంఖ్యలు[జె], సంఖ్యలు[తర్వాత]] = [సంఖ్యలు[తర్వాత], సంఖ్యలు[జె]]
```

ఇప్పుడు వచ్చేది "ఇన్‌వాలిడ్ లెఫ్ట్-హ్యాండ్ సైడ్ ఇన్ అసైన్‌మెంట్" అనే సింటాక్స్ ఎర్రర్. "జె + 1[...]" అనే కూడికకి ఏదో విలువ అసైన్ చేయబోతున్నారని ఇంజిన్‌కి అర్థమైంది. సింటాక్స్ ఎర్రర్ కాబట్టి ఫైల్‌లో మొదటి లైన్ కూడా నడవదు. పైన ఎన్ని కన్సోల్.లాగ్‌లు పెట్టినా ఒక్కటీ ప్రింట్ కాదు, దాంతో టెన్షన్ ఇంకా పెరుగుతుంది.

అందరూ మొదట నేర్చుకునే స్వాప్ చూడండి:

```
లెట్ ఎ = 1
లెట్ బి = 2
[ఎ, బి] = [బి, ఎ]
```

దీనికి "కెనాట్ యాక్సెస్ 'బి' బిఫోర్ ఇనిషియలైజేషన్" అని రిఫరెన్స్ ఎర్రర్ వస్తుంది. బి కి పై లైన్‌లోనే 2 ఇచ్చాం కదా, ఇనిషియలైజ్ కాలేదంటుందేమిటి అనిపిస్తుంది. ఇంజిన్ చదివింది "లెట్ బి = 2[ఎ, బి] = [బి, ఎ]" అని. బి కి విలువ ఇచ్చే పని ఇంకా పూర్తి కాకముందే కుడివైపున బి ని వాడేశాం. మెసేజ్ అక్షరాలా నిజమే చెప్తోంది, మనం చూస్తున్న కోడ్ వేరు, అది చూస్తున్న కోడ్ వేరు.

అన్నిటికంటే భయపెట్టేది ఇంకోటి. పై మూడు లైన్లలో లెట్ తీసి పాతకాలం వార్ పెట్టి, స్ట్రిక్ట్ మోడ్ (కొన్ని తప్పుల్ని వదిలేయకుండా ఎర్రర్‌గా చూపించే కఠిన పద్ధతి) లేకుండా నడపండి. ఎర్రరే రాదు. ఎ అలాగే 1 గా ఉండిపోతుంది, బి లో [అన్‌డిఫైన్డ్, 1] అనే అర్రే చేరుతుంది. 2 అనే సంఖ్య మీద ప్రాపర్టీ పెట్టబోయి, స్ట్రిక్ట్ మోడ్ లేదు కాబట్టి నోరు మూసుకుని, అసైన్‌మెంట్ విలువని మాత్రం బి కి ఇచ్చేసింది. ప్రోగ్రాం ముందుకు సాగుతుంది, ఎక్కడో వంద లైన్ల కింద లెక్క తప్పుతుంది. అదే కోడ్ మాడ్యూల్‌లో ఉంటే స్ట్రిక్ట్ మోడ్ దానంతటదే ఉంటుంది కాబట్టి "కెనాట్ క్రియేట్ ప్రాపర్టీ" అని టైప్ ఎర్రర్ ఇస్తుంది, అంతవరకు నయం.

లేనిది ఒకే సెమీకోలన్. టైప్ ఎర్రర్, సింటాక్స్ ఎర్రర్, రిఫరెన్స్ ఎర్రర్, చివరికి మౌనం కూడా. ఎర్రర్ మెసేజ్‌ని గూగుల్‌లో వెతికితే ఈ కారణం దొరకకపోవడానికి ఇదే కారణం. ఏ మెసేజ్‌లోనూ సెమీకోలన్ అనే మాటే ఉండదు.

స్క్వేర్ బ్రాకెట్ తర్వాత ఎక్కువ ఇబ్బంది పెట్టేది మామూలు రౌండ్ బ్రాకెట్. నోడ్‌లో (బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్ నడిపేది) పని చేసేవాళ్ళకి ఇది బాగా తగులుతుంది:

```
కాన్స్ట్ ఎఫ్ఎస్ = రిక్వైర్('ఎఫ్ఎస్')

(అసింక్ () => {
  // ఫైల్ చదివే పని
})()
```

వచ్చే ఎర్రర్ "రిక్వైర్(...) ఈజ్ నాట్ ఎ ఫంక్షన్". చూడగానే ప్యాకేజీ సరిగ్గా ఇన్‌స్టాల్ కాలేదేమో, నోడ్ వెర్షన్ తేడానేమో అనుకుంటారు. నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్ మొత్తం డిలీట్ చేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేసేవాళ్ళని చాలామందిని చూశాను. నిజానికి జరిగింది ఏమిటంటే, రిక్వైర్ తిరిగి ఇచ్చిన ఆబ్జెక్ట్‌నే ఫంక్షన్‌లా పిలిచి, మీ అసింక్ ఫంక్షన్‌ని దానికి ఆర్గ్యుమెంట్‌గా ఇచ్చారు. మధ్యలో ఖాళీ లైన్ ఉన్నా లాభం లేదని ఇక్కడ గమనించండి. మెసేజ్‌లో చుక్కలకు అటూ ఇటూ ఉన్న ఆ బ్రాకెట్లే ఆధారం: "రిక్వైర్ ఫంక్షన్ కాదు" అనలేదు, "రిక్వైర్‌ని పిలిస్తే వచ్చినది ఫంక్షన్ కాదు" అంది.

పాత జేక్వెరీ ప్లగిన్ ఫైళ్ళు తెరిస్తే మొట్టమొదటి అక్షరమే సెమీకోలన్‌గా కనిపిస్తుంది, ఆ తర్వాత బ్రాకెట్‌లో ఫంక్షన్ మొదలవుతుంది. అది అచ్చుతప్పు కాదు. అప్పట్లో ఫైళ్ళన్నీ ఒకదాని వెనక ఒకటి అతికించి ఒకే ఫైల్‌గా సర్వర్ మీద పెట్టేవాళ్ళు. ముందున్న ఫైల్ రాసినవాడు చివర సెమీకోలన్ వదిలేస్తే మన ఫైల్‌లోని బ్రాకెట్ పోయి దాన్ని ఫంక్షన్ కాల్‌గా మార్చేస్తుంది. ఎవరో రాసిన ఫైల్‌ని నమ్మలేక మొదట్లోనే సెమీకోలన్ పెట్టేవాళ్ళు. ఇప్పుడు వెబ్‌ప్యాక్, వీట్ లాంటివి మాడ్యూల్స్‌ని విడివిడిగా చూసుకుంటాయి కాబట్టి ఈ బాధ చాలావరకు తగ్గింది.

మిగిలినవి గబగబా చెప్పేస్తాను. లైన్ బ్యాక్‌టిక్‌తో మొదలైతే పైన ఉన్న విలువని ట్యాగ్ ఫంక్షన్ (బ్యాక్‌టిక్ స్ట్రింగ్‌ని అందుకునే ఫంక్షన్) అనుకుంటుంది, మళ్ళీ "ఈజ్ నాట్ ఎ ఫంక్షన్" ఎర్రరే వస్తుంది. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ స్లాష్‌తో మొదలైతే భాగాహారం అనుకుంటుంది. ప్లస్, మైనస్‌లతో లైన్ మొదలుపెట్టడం మామూలు కోడ్‌లో అరుదు, కానీ అవీ పైదానితో కలుస్తాయి. ఇంతే. ఎక్మాస్క్రిప్ట్ ప్రమాణంలో కూడా జాగ్రత్తపడాల్సినవని చూపినవి ఇవే: రౌండ్ బ్రాకెట్, స్క్వేర్ బ్రాకెట్, బ్యాక్‌టిక్, ప్లస్ లేదా మైనస్, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్. క్లాసులో ఫీల్డ్‌లు రాసేటప్పుడు ఇంకో రెండు మూడు సందర్భాలున్నాయి, ఉదాహరణకి ఫీల్డ్ కింద నక్షత్రం గుర్తుతో జనరేటర్ మెథడ్ మొదలైతే అది గుణకారం అయిపోతుంది. క్లాసుల్లో ప్రతి ఫీల్డ్ చివరా సెమీకోలన్ పెట్టేస్తే దాని గురించి ఆలోచించే పని ఉండదు.

ఇంతవరకు చెప్పినవన్నీ, పడాల్సిన చోట సెమీకోలన్ పడకపోవడం. దీనికి సరిగ్గా ఎదురు సమస్య ఇంకోటుంది, పడకూడని చోట పడటం. రిటర్న్ దగ్గర ఇది జరుగుతుంది.

```
ఫంక్షన్ మొత్తం(ధర, పన్ను) {
  రిటర్న్
    ధర + పన్ను;
}
```

ఇది ఎప్పుడూ అన్‌డిఫైన్డే ఇస్తుంది. రిటర్న్, బ్రేక్, కంటిన్యూ, త్రో, యీల్డ్ లాంటి కొన్ని మాటల తర్వాత లైన్ మారకూడదని వ్యాకరణంలోనే కట్టడి ఉంది. మారిందంటే అక్కడితో ముగించేస్తుంది, కింద ఏముందో చూడదు. సెమీకోలన్లు ఎంత శ్రద్ధగా పెట్టేవాళ్ళైనా ఇందులో పడతారు. చూడండి, పైన చివర సెమీకోలన్ ఉంది, అయినా ఉపయోగం లేదు. కాబట్టి "నేను అన్నిచోట్లా సెమీకోలన్ పెడతాను, ఏఎస్ఐ గురించి నాకు తెలియక్కర్లేదు" అనే మాట కూడా నిలబడదు. త్రో విషయంలో మాత్రం ఇంజిన్ స్పష్టంగా ఉంటుంది. త్రో తర్వాత ఏదో ఒక విలువ ఉండి తీరాలి కాబట్టి సింటాక్స్ ఎర్రర్ ఇచ్చేస్తుంది, క్రోమ్‌లో అయితే "ఇల్లీగల్ న్యూలైన్ ఆఫ్టర్ త్రో" అని కారణం కూడా చెప్తుంది. రిటర్న్‌కి ఆ అదృష్టం లేదు, ఎందుకంటే ఉట్టి రిటర్న్ కూడా చెల్లుతుంది.

రిటర్న్ కింద ఆబ్జెక్ట్ రాస్తే ఇంకా విచిత్రం. ఫ్లవర్ బ్రాకెట్‌ని కింది లైన్‌లో తెరిచే అలవాటు సీ షార్ప్ నుంచి వచ్చినవాళ్ళకి ఎక్కువ. అలా తెరిచిన ఆబ్జెక్ట్‌లో ఒకే ప్రాపర్టీ ఉంటే ఎర్రర్ రాదు: ఫ్లవర్ బ్రాకెట్‌ని మామూలు బ్లాక్ అనుకుంటుంది, లోపలి "పేరు:" ని లేబుల్ (స్టేట్‌మెంట్‌కి పెట్టే పేరు) అనుకుంటుంది, హాయిగా ఒప్పేసుకుంటుంది. అన్‌డిఫైన్డ్ వస్తుంది. రెండో ప్రాపర్టీ చేర్చగానే "అన్‌ఎక్స్‌పెక్టెడ్ టోకెన్ ':'" అని సింటాక్స్ ఎర్రర్. కొత్తగా చేర్చిన ప్రాపర్టీలో ఏదో తప్పుందనుకుని దాని చుట్టూ తిరుగుతాం, అసలు తప్పు పై లైన్‌లో మొదటి రోజు నుంచీ ఉంది.

రియాక్ట్‌లో రిటర్న్ పక్కనే రౌండ్ బ్రాకెట్ తెరిచి, జేఎస్ఎక్స్ (స్క్రీన్ మీద కనిపించే భాగాన్ని హెచ్‌టీఎమ్ఎల్‌లా రాసే కోడ్) అంతా అందులో రాయడం అందరూ చేస్తారు. అందం కోసం కాదు, ఈ కట్టడి కోసమే. బ్రాకెట్ అదే లైన్‌లో తెరిస్తే పార్సర్ అది మూసేదాకా ఆగుతుంది. రియాక్ట్ 17 వరకు కాంపొనెంట్ అన్‌డిఫైన్డ్ ఇస్తే ఎర్రర్ వచ్చేది. 2022లో వచ్చిన రియాక్ట్ 18 నుంచి ఆ ఎర్రర్ తీసేశారు, స్క్రీన్ మీద ఏమీ కనిపించదు, అంతే. కాబట్టి కాంపొనెంట్ ఖాళీగా వస్తుంటే మొదట రిటర్న్ లైన్ చూడండి.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. మీ సీనియర్ చెప్పింది అబద్ధం కాదు. సెమీకోలన్ లేకుండా రాయొచ్చు, పెద్ద పెద్ద ప్రాజెక్టులు రాస్తున్నాయి. స్టాండర్డ్ అనే స్టైల్ సెమీకోలన్ వద్దనే చెప్తుంది, వ్యూ అనే ఫ్రేమ్‌వర్క్ సోర్స్ కోడ్‌లో అవి కనిపించవు. గూగుల్, ఎయిర్‌బీఎన్‌బీ స్టైల్ గైడ్‌లు మాత్రం పెట్టి తీరాలంటాయి. ఈ విషయం మీద 2012 ఏప్రిల్‌లో పెద్ద గొడవే జరిగింది. అప్పటి ట్విటర్ బూట్‌స్ట్రాప్ అనే వెబ్ డిజైన్ లైబ్రరీలో సెమీకోలన్ లేని ఒక లైన్ కింద, ఆశ్చర్యార్థకంతో మొదలయ్యే లైన్ ఉండేది. భాష ప్రకారం ఆ కోడ్ సరైనదే. కానీ జేఎస్‌మిన్ అనే టూల్‌తో కుదించినప్పుడు రెండు లైన్ల మధ్య ఎంటర్ ఎగిరిపోయి కోడ్ విరిగిపోయింది. తప్పు కోడ్‌దా, టూల్‌దా అని జేఎస్‌మిన్ రాసిన డగ్లస్ క్రాక్‌ఫర్డ్‌కీ, బూట్‌స్ట్రాప్ వైపు వాళ్ళకీ గిట్‌హబ్‌లో మాటల యుద్ధం నడిచింది. పైన చెప్పిన ఐక్ బ్లాగు పోస్టు ఆ సందర్భంలో రాసిందే.

నా అభిప్రాయం అడిగితే, నేర్చుకునే దశలో సెమీకోలన్లు పెట్టండి. లేకుండా రాసేవాళ్ళంతా ఏఎస్ఐ నియమాలు తెలిసి, ప్రమాదకరమైన అక్షరంతో లైన్ మొదలైతే ఆ లైన్ ముందే సెమీకోలన్ పెట్టి, టూల్స్ కాపలా పెట్టుకుని రాస్తారు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి "ఆప్షనల్" అనే ఒక్క మాట చెప్పి వదిలేయడం అన్యాయం. ఆ మాటలో సగం సమాచారమే ఉంది. అయితే మీరు చేరిన టీమ్‌లో లేకుండా రాసే పద్ధతి ఉంటే అదే పాటించండి. ఒకే రిపాజిటరీలో రెండు రకాలు ఉండటం అన్నిటికంటే చెడ్డది.

టూల్స్ గురించి ఒక అపోహ తీర్చాలి. "మా దగ్గర ప్రెట్టియర్ ఉంది, సేవ్ చేయగానే సెమీకోలన్లు అదే పెడుతుంది" అంటారు. ప్రెట్టియర్ అనేది కోడ్‌ని చక్కగా సర్దే టూల్, అది కోడ్ అర్థాన్ని మార్చదు. మీ రెండు లైన్లూ ఒకే స్టేట్‌మెంట్ అని ఇంజిన్ అనుకున్నట్టే అదీ అనుకుంటుంది, రెండిటినీ కలిపి చిట్టచివర ఒక సెమీకోలన్ పెడుతుంది. కోడ్‌లో తప్పుల్ని వెతికే ఈఎస్‌లింట్‌లోని సెమీ అనే రూల్ కూడా అంతే, మొత్తం స్టేట్‌మెంట్ చివర లేదని చెప్తుందేగానీ మీరు అనుకున్న చోట లేదని దానికి తెలియదు. అయినా ప్రెట్టియర్ ఇంకోరకంగా బాగా పనికొస్తుంది. సేవ్ చేయగానే మీ రెండు లైన్లు ఎగిరి ఒకదానికొకటి అతుక్కుంటే, ఇంజిన్ చదువుతున్నది ఎలా ఉందో కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. అనుమానం వస్తే నేను ముందు చేసే పని అదే.

అసలు కాపలా కాసేవి ఈఎస్‌లింట్‌లో రెండు రూల్స్. "నో-అన్‌ఎక్స్‌పెక్టెడ్-మల్టీలైన్" పై లైన్‌తో అనుకోకుండా కలిసిపోయిన బ్రాకెట్, బ్యాక్‌టిక్‌లని పట్టుకుంటుంది. "నో-అన్‌రీచబుల్" రిటర్న్ కింద అనాథగా మిగిలిన కోడ్‌ని చూపిస్తుంది. రెండూ ఈఎస్‌లింట్ వాళ్ళ రికమెండెడ్ సెట్‌లోనే ఉన్నాయి కాబట్టి అది ఆన్ చేస్తే చాలు. టైప్‌స్క్రిప్ట్ వాడితే ఇంకా మంచిది. రిక్వైర్ ఉదాహరణ లాంటి చోట "ఈ ఎక్స్‌ప్రెషన్‌ని పిలవలేం" అని చెప్పి, సెమీకోలన్ మర్చిపోయారా అని నేరుగా అడుగుతుంది.

టూల్స్ ఏవీ లేని చోట, అంటే బ్రౌజర్ కన్సోల్‌లోనో ఆన్‌లైన్ పరీక్షలోనో, ఎర్రర్ ఎంత ఆలోచించినా అర్థం లేనిదిగా అనిపిస్తే ఇలా చూడండి. సంఖ్య అని కచ్చితంగా తెలిసిన దాన్ని "ఫంక్షన్ కాదు" అంటోందా? కళ్ళ ముందు అర్రే కనిపిస్తుంటే "అన్‌డిఫైన్డ్‌లో ఫర్‌ఈచ్ చదవలేను" అంటోందా? పై లైన్‌లోనే విలువ ఇచ్చిన వేరియబుల్‌ని ఇనిషియలైజ్ కాలేదంటోందా? అయితే ఎర్రర్ చూపించిన లైన్ ఏ అక్షరంతో మొదలైందో చూసి, దాని పై లైన్ చివరికి వెళ్ళండి. ఖాళీ లైన్లూ కామెంట్లూ దాటి వెళ్ళాలి, అవి లెక్కలోకి రావు.

మూడో ప్రశ్నకి జవాబు: ఇఫ్, ఫర్, వైల్ బ్లాకులు, పేరుతో మొదలయ్యే ఫంక్షన్ డిక్లరేషన్, క్లాస్ డిక్లరేషన్, వీటి చివరి ఫ్లవర్ బ్రాకెట్ తర్వాత సెమీకోలన్ అక్కర్లేదు. పెట్టినా అదొక ఖాళీ స్టేట్‌మెంట్ అవుతుంది, సాధారణంగా నష్టం లేదు. ఇఫ్ షరతు బ్రాకెట్ మూయగానే మాత్రం ఎప్పుడూ పెట్టకండి. "ఇఫ్ (ఎ > బి);" అని రాస్తే షరతు అక్కడే ముగిసి, కింది బ్లాక్ ప్రతిసారీ నడుస్తుంది. ఫర్ లూప్‌కీ ఇదే వర్తిస్తుంది. ఫర్ బ్రాకెట్ లోపలి రెండు సెమీకోలన్లు మాత్రం మీరే రాయాలి, వాటిని ఏఎస్ఐ ఎప్పుడూ పెట్టదు.

ఫంక్షన్‌ని ఒక వేరియబుల్‌కి ఇచ్చినప్పుడు మాత్రం చివర ఫ్లవర్ బ్రాకెట్ ఉన్నా అది అసైన్‌మెంటే, సెమీకోలన్ కావాలి:

```
కాన్స్ట్ కలుపు = ఫంక్షన్ (ఎ, బి) {
  రిటర్న్ ఎ + బి;
};

(ఫంక్షన్ () {
  కన్సోల్.లాగ్(కలుపు(2, 3));
})();
```

ఇందులో మొదటి ఫంక్షన్ చివరి సెమీకోలన్ తీసేసి ఒకసారి నడిపి చూడండి. కింది ఫంక్షన్ మొత్తం పైదానికి ఆర్గ్యుమెంట్‌గా వెళ్ళిపోతుంది. కలుపు ఫంక్షన్ అప్పటికప్పుడే నడిచి, బి కి ఏమీ ఇవ్వలేదు కాబట్టి ఫంక్షన్ టెక్స్ట్‌నీ అన్‌డిఫైన్డ్‌నీ అతికించి ఒక స్ట్రింగ్ తయారు చేస్తుంది. ఆ స్ట్రింగ్‌ని చివరి బ్రాకెట్లు ఫంక్షన్‌లా పిలవబోతాయి, "ఈజ్ నాట్ ఎ ఫంక్షన్" అని ఆగుతుంది. ఏ అడుగులో ఏం జరిగిందో కాగితం మీద రాసుకుంటూ వెళ్ళండి. ఎక్కడైనా ఆగిపోతే ఎర్రర్ మెసేజ్‌తో పాటు దాని పైనున్న రెండు లైన్లు కూడా ఇక్కడ పెట్టండి, చూస్తాను.